అమెరికా టర్బో కార్ల కథ

1987వ సంవత్సరము డిసెంబరు నెల 11వ తేదీన, అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములోని పాంటియాక్ పట్టణపు కర్మాగారమునుండి ఒక నల్లని కారు వెలువడెను. దాని పేరు బ్యూయిక్ గ్రాండ్ నేషనల్. చూచుటకు అది ఏ బ్యాంకి గుమాస్తాయో ఆదివారమునాడు కుటుంబముతో ఎక్కి చర్చికి పోవునట్టి రెండు తలుపుల సాధారణపు కారు. తళతళలాడు క్రోమియపు పట్టీలు కూడ దానికి లేవు, ఆపాదమస్తకము నలుపు. ఆ వంశమున అదియే కడపటిది. ఆ దినము గడచి నాలుగు దశాబ్దములు కావచ్చుచున్నను, ఆ కారు పేరు చెప్పినంతనే కంఠస్వరము మారువారు ఆ దేశమున నేటికిని పెక్కుమంది కలరు.

వారు తలచుకొనునది వేగమునే యని అనుకొనుట సహజము. కాని విద్యుత్తుతో నడచు నేటి కార్లు పెక్కు ఆ నల్లని కారును సునాయాసముగా వెనుకవైచి పోగలవు. ఆ సంగతి వారికిని తెలియును. వారి మాటలు వినినచో మరల మరల వచ్చునది వేరొకటి: పెడలు నొక్కిన తరువాత ఒక్క క్షణము ఏమియు జరుగకుండుట, ఆ పిమ్మట సన్నని ఈల, ఆ వెంటనే వీపుపై ఒక త్రోపు. ఇంజనీర్లు దోషమని యెంచి, దశాబ్దములు శ్రమపడి తొలగించిన గుణమునే వీరు తలచుకొని నిట్టూర్చుచున్నారు. ఇది యెట్లు సంభవించెనో తెలియవలెనన్న, టర్బో యనబడు ఆ చిన్న యంత్రముయొక్క కథను మొదటినుండి చూడవలెను.

పెట్రోలు ఇంజను బలము పెట్రోలువలన మాత్రమే వచ్చునని పలువురి అభిప్రాయము. పెట్రోలు మండుటకు గాలి కావలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు పదునైదు పాళ్ల గాలి కావలెను. సిలిండరులో ఎంత గాలి పట్టునో దానికి తగినంత పెట్రోలే అందు మండును. కావున బలము పెంచుటకు సిలిండర్లను పెద్దవి చేయుట ఒక మార్గము. ఉన్న సిలిండర్లలోనికే గాలిని అదిమి కూరుట మరియొక మార్గము. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో ఈ రెండవది అట్టిది. భేదమేమనగా, కమ్మరి తిత్తిని ఊదుటకు ఒక మనిషి చేయి కావలెను. టర్బోయందు కొలిమినుండి వెడలు పొగయే తిత్తిని ఊదును. ఇంజనునుండి వేడిగా వెలువడి వృథాగా పోవు పొగను ఒక చిన్న చక్రముమీదికి మరలింతురు. అది గిరగిర తిరుగును. దాని ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రముండి, బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి త్రోయును. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు 1905లో ఈ ఊహకు పేటెంటు పొందెను.

అమెరికాలో దీనిని పట్టుదలతో సాధించినవాడు శాన్‌ఫర్డ్ మాస్. ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానములకు ఒక చిక్కు వచ్చెను. పైకి పోవుకొలది గాలి పలుచనగును. గాలి పలుచనైనకొలది ఇంజను నీరసించును. 1918లో మాస్ లిబర్టీ అను విమానపు ఇంజనును ఒక లారీపై ఎక్కించి, కొలరాడో రాష్ట్రమందలి పైక్స్ పీక్ అను పర్వతముమీదికి తీసికొనిపోయెను. ఆ శిఖరము ఎత్తు 14,000 అడుగులకు పైమాట. మైదానమున 350 అశ్వశక్తి చూపిన ఆ ఇంజను కొండమీద 230కి దిగజారెను. టర్బో తగిలింపగా 356కు లేచెను. విమానము ఎగురకుండగనే ఆకాశమున పరీక్ష జరిపినట్లయ్యెను! రెండవ ప్రపంచయుద్ధమున బి-17, బి-24 అను బాంబరు విమానములకును, పి-38, పి-47 అను యుద్ధవిమానములకును అంత ఎత్తున ఊపిరి పోసినది ఈ యంత్రమే. టర్బో పుట్టుకయే ఒక కొఱతనుండి కలిగినదని ఇచట గమనింపవలెను. మొదటిది గాలి కొఱత. తరువాత దానిని మరల పిలిచిన కొఱత యేదియో ముందు చెప్పబడును.

విమానమున అంతగా కనబడని దోషమొకటి, దీనిని నేలమీది బండికి తగిలించినప్పుడు బయటపడెను. విమానము గంటలకొలది ఒకే తీరున ఎగురును. కారు అట్లు కాదు. కూడలివద్ద నిలుచును, కదలును, ఆవు అడ్డము వచ్చిన మరల నిలుచును. నిలిచినప్పుడు పొగ తక్కువ. పొగ తక్కువైనచో టర్బో చక్రము నెమ్మదించును. అది మరల నిమిషమునకు లక్ష చుట్లకు చేరువగా తిరుగవలెనన్న కొంత వ్యవధి పట్టును. డ్రైవరు పెడలు నొక్కును; ఇంజను బద్ధకముగా మూలుగును; ఒకటి రెండు సెకన్లు గడచును; అంతలో ఈల వినవచ్చును, బండి ముందునకు దుముకును. దీనిని అచ్చటివారు టర్బో లాగ్ అందురు. గాలిని అదిమినప్పుడు అది వేడెక్కుట మరియొక చిక్కు. వేడెక్కిన గాలిలో పెట్రోలు తనంత తానే వేళకు ముందుగా మండి, సిలిండరు లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. కొంతకాలము ఉపేక్షించినచో పిస్టను కరగి రంధ్రము పడును.

పందెపు కార్లవారు ఈ చిక్కులను ముందుగా ఎదుర్కొనిరి. 1952లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెమునకు కమిన్స్ కంపెనీవారు డీజిలు ఇంజనుకు టర్బో తగిలించి ఒక కారును తెచ్చిరి. లారీ ఇంజనువంటి దానితో పందెమునకు వచ్చినారేమని కొందరు నవ్వియుందురు. ఫ్రెడ్ అగబాషియన్ దానిని గంటకు 138 మైళ్ల వేగముతో నడపి, అందరికంటె ముందు వరుసలో మొదటి స్థానమును గడించెను. అయినను పందెమున 71వ చుట్టునకే ఆ కారు నిలిచిపోయెను. కారణము విచిత్రమైనది. బాటపై అరిగి రాలిన టైరు రబ్బరు తునకలు టర్బో గాలిగొట్టమున చిక్కుకొని, దాని ఊపిరి బిగబట్టెను. అదే పందెమును టర్బో కారు గెలుచుటకు 1968వరకు, అనగా బాబీ అన్సర్ విజయమువరకు వేచియుండవలసివచ్చెను.

ఇక ప్రజలు కొనుక్కొని నడపుకొను కారులోనికి టర్బో వచ్చుట 1962లో జరిగెను. కొద్ది వారముల వ్యత్యాసముతో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన రెండు శాఖలు రెండు కార్లను విడుదల చేసినవి. షెవ్రొలే శాఖవారిది కార్వేర్ మోంజా స్పైడర్. దాని ఇంజను వెనుకభాగమున ఉండును, నీరు లేకుండ గాలితోనే చల్లబడును, 150 అశ్వశక్తి నిచ్చును. 1965లో అది 180కి పెరిగెను. అది కొంత సరళమైన యంత్రము, కొంతకాలము నిలిచెను. ఆ కారు కీర్తి మసకబారినది టర్బోవలన కాదు. 1965లో రాల్ఫ్ నేడర్ తన గ్రంథమున ఆ జాతి కార్ల భద్రతను తీవ్రముగా విమర్శించుటవలన.

రెండవది ఓల్డ్స్‌మొబీల్ శాఖవారి జెట్‌ఫైర్. నా దృష్టిలో ఈ కథ అంతటికి అదియే మర్మస్థానము. అల్యూమినియముతో పోతపోసిన దాని వి-8 ఇంజను పరిమాణము 215 ఘనపుటంగుళములు. బలము సరిగా 215 అశ్వశక్తి. అంగుళమునకొక అశ్వము! నాటికది గర్వింపదగిన సంగతియే. కాని సాధారణముగా టర్బో తగిలించువారు నాకింగుకు వెరచి ఇంజను లోపలి ఒత్తిడిని తగ్గింతురు. ఓల్డ్స్‌మొబీల్ ఇంజనీర్లు తగ్గింపలేదు. పదింటికొక పాలు మించిన ఒత్తిడి నట్లేయుంచి, నాకింగును ఆపుటకు మరియొక ఉపాయము పన్నిరి. బానెట్ క్రింద ఒక చిన్న తొట్టి పెట్టి, అందు పరిశుద్ధజలమును, మెథనాలు అను ఆల్కహాలును సమపాళ్లుగా, త్రుప్పు పట్టకుండ మరికొంత మందు కలిపి పోసిరి. టర్బో గట్టిగా ఊదునప్పుడు ఈ ద్రవము సన్నని తుంపరగా ఇంజనులో పడి, వేడిని చల్లార్చును. యుద్ధవిమానములలో ఇట్టిదే వాడుకలో నుండెను. దీనికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని బ్రహ్మాండమైన పేరు పెట్టి అమ్మిరి.

ఉపాయము మంచిదే. అయితే విమానమునకు మెకానిక్కు ఉండును, లెక్కపుస్తకము ఉండును, ఎగురుటకు ముందు అన్నియు సరిచూచు ఆచారముండును. కారు కొన్న గృహస్థునకు ఇవేవియు లేవు. పెట్రోలు పోయించుట తప్ప మరియొకటి పోయవలెనను సంగతి ఆయనకు జ్ఞాపకముండదు. తొట్టి ఎండిపోవును. ఎండిపోయినచో ఇంజను చెడకుండ ఒక ఏర్పాటు చేసియుండిరి: టర్బో తనంత తానుగా నోరు మూసికొనును. అప్పుడు జెట్‌ఫైర్ అను పేరు గల కారు ఎద్దుబండికి తమ్ముడగును. బండి చెడిపోయినదని యజమానులు డీలరువద్దకు పోయిరి. డీలరు మెకానిక్కులకును ఆ యంత్రము క్రొత్త. 1962, 1963 సంవత్సరములలో మొత్తము 9,607 కార్లు తయారయ్యెను, తరువాత నిలిపివేసిరి. 1965లో కంపెనీవారు టర్బోను ఊడదీసి సాధారణపు కార్బ్యురేటరు ఉచితముగా తగిలింతుమని ప్రకటింపగా, పెక్కుమంది సంతోషముతో అట్లు చేయించుకొనిరి. ఊడదీసిన టర్బోలు ఇనుపసామానుల కుప్పలలో కలిసిపోయెను.

ఆ అల్యూమినియపు ఇంజను నమూనాను జనరల్ మోటార్సువారు 1965లో ఇంగ్లండులోని రోవర్ కంపెనీకి అమ్మివేసిరి. అది అచ్చట దశాబ్దములు బ్రతికి, లాండ్‌రోవర్ బండ్లలోనికి కూడ ఎక్కెను. దానినుండియే పుట్టిన ఆరు సిలిండర్ల ఇనుప ఇంజను ఒకటి బ్యూయిక్ శాఖవారివద్ద నుండెను. దానిని కూడ, యంత్రసామగ్రితో సహా, 1967లో జీపులు చేయు కైజర్ కంపెనీకి అమ్మిరి. ఇంటిలో ఇద్దరు పిల్లలుండగా ఇద్దరిని దత్తత ఇచ్చినట్లయినది. కారణము అప్పటి ఐశ్వర్యము. పెట్రోలు నీళ్లవలె దొరకుచున్న రోజులవి. ఏడు లీటర్ల ఇంజను పెట్టి బలము తెచ్చుకొనగలిగినప్పుడు, ఈ ఊదుతిత్తుల బాధ ఎవరికి కావలెను?

ఆ ఐశ్వర్యము పదేండ్లు కూడ నిలువలేదు. 1970లో వాయుశుద్ధి చట్టము కఠినమైనది. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతి నిలిపివేసినవి. 1974లో దేశమంతట గంటకు 55 మైళ్లు మించరాదను శాసనము వచ్చెను. కారు ఒక గాలను పెట్రోలుతో ఇన్ని మైళ్లు నడవవలెనను నియమము 1975 చట్టముతో ఏర్పడి, 1978లో 18 మైళ్లనుండి 1985 నాటికి 27.5 మైళ్లకు పెరిగెను. క్రీడాకార్లలో శిరోమణియైన కార్వెట్ సాధారణపు ఇంజను బలము 1975లో 165 అశ్వశక్తికి దిగెను. బలమును కొలుచు పద్ధతి 1972లో మారుట ఇందుకు కొంత కారణమైనను, పతనము నిజమే. ఇదియే నేను ముందు సూచించిన రెండవ కొఱత.

అప్పుడు బ్యూయిక్‌వారికి దత్తత ఇచ్చిన బిడ్డ గుర్తునకు వచ్చినది. 1974లో ఆ ఆరు సిలిండర్ల ఇంజనును, యంత్రసామగ్రిని తిరిగి కొనితెచ్చుకొనిరి. చిన్న ఇంజను కనుక పెట్రోలు తక్కువ త్రాగును. అవసరమైనప్పుడు పెద్ద ఇంజనువలె బలము చూపవలెనన్న టర్బో తప్ప దారి లేదు. 1976 ఇండియానాపొలిస్ పందెమున, కార్లన్నిటికి ముందు నడచి బారు తీర్చు కారుగా టర్బోతో కూడిన బ్యూయిక్ సెంచరీ వచ్చెను. దానిని నడపినవాడు మార్టీ రాబిన్స్ అను ప్రసిద్ధ గాయకుడు. 1978లో ఆ ఇంజను రీగల్, లెసేబర్ కార్లలో బజారునకు వచ్చినది. బలము 150, లేదా 165. అమోఘమనుటకు వీలులేదు. కార్బ్యురేటరుతో ఈ యంత్రము కాపురము సఖ్యముగా సాగలేదు. పాంటియాక్ శాఖవారు 1980లో ట్రాన్స్ యామ్ కారునకు తగిలించిన టర్బో మరియు నిరుత్సాహకరము. దాని బానెట్‌మీద టర్బో ఎంత ఊదుచున్నదో తెలుపుటకు మూడు దీపములు వెలుగును. దీపములు చక్కగా వెలిగెడివి. కారు మాత్రము 210 అశ్వశక్తితో దీపముల వెనుక నెమ్మదిగా వచ్చెడిది.

పరిస్థితిని మార్చినది కంప్యూటరు. 1984 బ్యూయిక్ ఇంజనులో పెట్రోలును ప్రతి సిలిండరునకు వరుసగా, కొలతగా చిమ్ము ఏర్పాటు చేసిరి. దానిని ఒక చిన్న కంప్యూటరు నడపును. నాకింగు మొదలగుచున్నదని ఒక పరికరము పసిగట్టి చెప్పగా కంప్యూటరు నిప్పురవ్వ వేళను సవరించును. జెట్‌ఫైర్ యజమానికి జ్ఞాపకముండని పని ఇప్పుడు యంత్రమే చేసికొనసాగినది. 1986లో, అదిమిన గాలిని ఇంజనులోనికి పోవుటకు ముందే చల్లార్చు ఇంటర్‌కూలరును చేర్చిరి. బలము 200నుండి 235కు, 1987లో 245కు పెరిగెను. ఆ సంవత్సరము కార్వెట్ బలము 240. ఎనిమిది సిలిండర్ల రాజకుమారుని ఆరు సిలిండర్ల గుమాస్తా మించినాడన్నమాట! జనరల్ మోటార్సు సంస్థలోనే కొందరికి ఇది రుచింపకుండుట వింత కాదు.

గ్రాండ్ నేషనల్ అను పేరు కారు పందెములనుండి వచ్చినది. అచ్చటి స్టాక్‌కార్ పందెములలో బ్యూయిక్ కార్లు 1981, 1982లలో తయారీదార్ల బహుమతి గెలిచినవి. ఆ పందెములకు పాత పేరు గ్రాండ్ నేషనల్. పందెపు కార్లకు టర్బో లేదు, ఇంజను వేరు, మొత్తము మీద పేరు తప్ప సంబంధము స్వల్పము. 1984లో 2,000 కార్లు, 1987లో 20,193 కార్లు తయారయ్యెను. దాని స్పీడోమీటరును గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. స్పీడోమీటరుపై 85 మైళ్లకు మించి అంకెలు వేయరాదని 1979లో వచ్చిన ప్రభుత్వ నియమము 1982లోనే రద్దయ్యెను. అయినను గ్రాండ్ నేషనల్ ముల్లు తిరుగు పళ్లెరముపై అంకెలు 85తోనే ఆగిపోయినవి. కారు మాత్రము ఆగదు. అంకె లేని చోటునకు ముల్లు పోవుట చూచి పులకించినవారు ఒక తరమంతయు కలరు. నిషేధములనడుమ పుట్టిన కారు నిషేధపు గుర్తును ముఖముపై ధరించియే పరుగెత్తెను.

చివరి యేట మెక్‌లారెన్ పేరు గల ఒక సంస్థ తోడ్పాటుతో జి.ఎన్.ఎక్స్. అను ప్రత్యేకపు కారును 547 మాత్రమే చేసిరి. బలము 276 అని వ్రాసిరి. నిజముగా అంతకు మించునని నడపినవారి అభిప్రాయము. వెల 29,000 డాలర్లకు పైగా. పావుమైలు దూరమును పదమూడున్నర సెకన్లలోపున దాటెడిది.

తక్కిన కంపెనీలు ఊరకుండలేదు. ఫోర్డువారు 1983లో థండర్‌బర్డ్ టర్బో కూపే, 1984లో మస్టాంగ్ ఎస్.వి.ఓ. తెచ్చిరి. ఈ రెండవది యంత్రదృష్టితో చూచిన బహుశః అన్నిటిలో తీర్చిదిద్దినట్టిది. పోసిన పెట్రోలు మేలురకమో సాధారణమో తెలుపుటకు డ్రైవరు ఎదుట ఒక స్విచ్చి కూడ ఉండెను. కాని ఎనిమిది సిలిండర్ల మస్టాంగ్‌కంటె సుమారు ఒకటిన్నర రెట్లు వెల పెట్టి నాలుగు సిలిండర్ల మస్టాంగ్ కొనువా రెందరు? గౌరవించినవారే కాని కొన్నవారు తక్కువ. క్రైస్లర్ కంపెనీకై కారల్ షెల్బీ చేసిన ఓమ్నీ జి.ఎల్.హెచ్. ఇందుకు భిన్నము. చూచుటకు సంత సామానులు తెచ్చుకొను పెట్టెవంటి చిన్న కారు. టర్బోతో 146 అశ్వశక్తి. ఆ మూడక్షరముల విస్తృతరూపము రేడియోలో చదువదగినది కాదు. 1986లో షెల్బీ తన సొంత కర్మాగారమున దీనిని మరింత పదునుపెట్టి, 175 అశ్వశక్తితో 500 కార్లు అమ్మెను. పేదవాని పందెపు గుఱ్ఱమని దానిని అనవచ్చును.

గ్రాండ్ నేషనల్ ముగిసిన తరువాత కూడ ఆ బ్యూయిక్ ఇంజను ఒకసారి తలయెత్తినది. 1989లో పాంటియాక్ ట్రాన్స్ యామ్‌లో దానిని బిగించి 1,555 కార్లు చేసిరి. ఇక ఆ కాలపు కార్లకు తుదిపలుకువంటిది 1991 నాటి జి.ఎం.సి. సైక్లోన్. అది కారు కాదు. సామాను మోయు చిన్న ట్రక్కు. 4.3 లీటర్ల ఇంజను, టర్బో, నాలుగు చక్రములకు బలము, 280 అశ్వశక్తి. సామాను 500 పౌనులకు మించి వేయరాదు, మట్టిబాటలలో నడపరాదు! ట్రక్కునకు ఇంతకంటె అవమాన మేమున్నది? కాని ఆ యేడు ఒక ప్రసిద్ధ మోటారు పత్రికవారు దానిని ఫెరారీ 348తో పోటీకి నిలిపిరి. పావుమైలులో ట్రక్కే గెలిచెను. దాని వెల ఫెరారీ వెలలో సుమారు అయిదవవంతు. దూరము పెరిగినచో ఫెరారీ దాటిపోవునను సంగతి ఆ కథ చెప్పువారు సామాన్యముగా చెప్పరు.

ఆ తరువాత పెట్రోలు మరల చవుకయ్యెను. 55 మైళ్ల నిర్బంధము 1987లో కొంత సడలి 1995లో తొలగిపోయెను. కంప్యూటరుతో పెద్ద వి-8 ఇంజన్లు కూడ పొగ తగ్గించుకొని బలము పుంజుకొన్నవి. కొఱత తీరగనే తిత్తిని మూలబెట్టిరి.

కార్లను తలచుకొనువారి మాటలలో మరుగుపడునది మరియొకటి కలదు. గ్రాండ్ నేషనల్ వైభవమున వెలిగిన దినములు ఆ కార్లు చేసిన ఊళ్లకు మంచి దినములు కావు. 1986 నవంబరులో జనరల్ మోటార్సువారు 11 కర్మాగారములను మూసివేయుదుమని, దానివలన దాదాపు 29,000 మందికి పని పోవునని ప్రకటించిరి. బ్యూయిక్ పుట్టినిల్లైన ఫ్లింట్ పట్టణమందలి బ్యూయిక్ సిటీ అను మహాకర్మాగారము 1999లో మూతపడెను. ఓల్డ్స్‌మొబీల్ అను పేరే 2004లో అంతరించెను; పాంటియాక్ అను పేరు 2010లో. కొన్నవానికి ఆ నల్లని కారు యౌవనపు గుర్తు. బిగించినవానికి అది పని ఉన్న దినముల గుర్తు. ఈ రెండు జ్ఞాపకములు ఒకే కారు చుట్టు తిరుగుచున్నను ఒకటి కావు. మొదటివారి వ్రాతలు విరివిగా అచ్చుపడుచున్నవి. రెండవవారి మాట వినబడుట అరుదు.

వింత యేమనగా, టర్బో పోలేదు. పెట్రోలు పొదుపు నియమములు మరల బిగియగా, 2011లో ఫోర్డువారు తమ ఎఫ్-150 ట్రక్కునకే రెండు టర్బోల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టిరి. ఇప్పుడు సామాన్యుల కార్లలో కూడ అది సర్వసాధారణము. అయితే నేటి టర్బో చక్రములు చిన్నవి, తేలికైనవి. పెడలు నొక్కుటకును బండి కదలుటకును మధ్య వేచియుండవలసినది దాదాపు లేదు. ఈల కూడ అణగిపోయినది. చప్పుడు మరీ తక్కువైనదని 2015 మస్టాంగ్ టర్బో కారులో ఇంజను ధ్వనిని లోపలి స్పీకర్లద్వారా వినిపించుట మొదలుపెట్టిరి. రేడియో వినుచున్నట్లే ఇంజనును వినుట! పాతకార్లవారు మండిపడుట ఇందుకే. వారికి కావలసినది బలము కాదు. బలము వచ్చునో రాదో అని ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణము. యంత్రము తన కష్టమును దాచుకొనలేకపోయినది కనుక నడపువాడు దానికి తోడైనాడు. దోషమనునది అచ్చట మనిషికి మిగిలిన చోటు.

జి.ఎన్.ఎక్స్. కార్లను ప్లాస్టిక్ కప్పుతోనే కొట్టులో దాచి, పది మైళ్లైనను నడపక, వేలమున మొదటి వెలకు ఎన్నో రెట్లు తీసికొన్నవారు కలరు. అది వ్యాపారము, దానిని జ్ఞాపకమనుటకు నాకు మనసొప్పదు. ఏటేట కెంటకీ రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్ పట్టణమునకు పాత బ్యూయిక్‌లను నడపుకొనివచ్చి పావుమైలు పందెము వేసికొనువారియందే నాకు గౌరవము. చేతికి నూనె అంటనివానికి ఈల వినబడదు.

అన్నిటికంటె కష్టమైన పని జెట్‌ఫైర్‌వారిది. 1965 ప్రాంతమున ఊడదీసి పారవేసిన టర్బోల కొఱకు, వాని గొట్టముల కొఱకు, చిన్న చిన్న కవాటముల కొఱకు వారు సంవత్సరములు వెదకుదురు. దొరికినవానిని శుభ్రపరచి బిగింతురు. టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అమ్ము అంగడి ఇప్పుడు లేదు కనుక, పరిశుద్ధజలము సగము, మెథనాలు సగము కొలచి, త్రుప్పుమందు కలిపి, ఇంటనే తయారుచేసికొందురు. బండి తీయుటకు ముందు బానెట్ ఎత్తి, ఆ తొట్టి నిండియున్నదో లేదో చూచుకొందురు.